కోత మిల్లు పచ్చ మూత

పదవీ విరమణ చేసిన మర్నాటి నుంచే, నన్ను పగటిపూట ఇంట్లోంచి బయటికి ఎలా పంపాలా అని మా ఆవిడ ఆలోచన మొదలుపెట్టింది. ఆవిడ తప్పు లేదు. ఆరోగ్య శాఖలో ముప్పై అయిదేళ్ళు ఊళ్ళు తిరిగి, ఏ ఇంటి ముందు ఎన్ని నీళ్ళ తొట్లున్నాయో, ఏ తొట్లో దోమ పిల్లలున్నాయో రాసుకున్న చెయ్యి నాది. ఊరికే ఉండమంటే ఎలా ఉంటుంది? ఇంట్లో ఫ్రిజ్ తలుపు రోజుకి ఎన్నిసార్లు తెరుస్తున్నారో ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. మూడో రోజు ఆ కాగితం మాయమైంది. నాలుగో రోజు ఆవిడ తన తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావగారిని పగలంతా నీ మిల్లులో కూర్చోబెట్టుకో. ఒక కుర్చీ, ఒక ఫ్యానూ ఉంటే చాలు. ఏదన్నా రాసుకుంటుంటే రాసుకోనీ. అడ్డం మాత్రం చెప్పకు."

అలా నేను గుడివాడ నుంచి బంటుమిల్లి వెళ్ళే దారిలో ఉన్న మా బావమరిది కలప కోత మిల్లులో చేరాను. ఉద్యోగం కాదు, పెత్తనం కాదు. గుమ్మం పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒడిలో డైరీ. ఓనరు నన్ను బావా అంటాడు కాబట్టి పనివాళ్ళు బావగారూ అనేవాళ్ళు. వారం తిరిగేసరికి దుంగలు తెచ్చే లారీ డ్రైవర్లు, టీ తెచ్చే ఆయన, కరెంటు రీడింగ్ తీసే ఆయన, అందరికీ నేను బావగారినే. ఆ వయసులో అంతమంది బావమరుదులు దొరకడం నాకు బాగానే ఉంది.

మిల్లులో ఉన్నదల్లా ఒక పెద్ద రంపం. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెండింటికీ బెల్టులా తగిలించిన పొడుగాటి పళ్ళ బ్లేడు. దుంగని ట్రాలీ మీద పెట్టి తోస్తే, అవతలికి చెక్కలై వెళ్తుంది. వేప, మామిడి, తుమ్మ వచ్చేవి. బందరు వైపు నుంచి విప్పేసిన పాత పడవల కలప కూడా వచ్చేది.

మొదటి రోజు నా డైరీలో ఇలా రాసుకున్నాను: "రంపం ఒకటి. పనివాళ్ళు ఆరుగురు. వేళ్ళు యాభై తొమ్మిదిన్నర."

ఆ లోటు అర వేలు మేస్త్రీది. ఎడమ చేతి మధ్య వేలు సగానికి పోయింది. ఎలా పోయిందో మిల్లులో అందరికీ తెలుసు, కింది చక్రం దగ్గర పొట్టు తీస్తూ పోయింది. అయినా ఎవరన్నా కొత్తవాళ్ళు అడిగితే ఆయన ఆ సంగతి చెప్పడు. ఒకరికి నాగాయలంకలో పీత కొరికిందన్నాడు. ఒకరికి పెళ్ళి ఉంగరం బిగుసుకుపోతే మామగారు కోయించారన్నాడు. ఇంకొకరికి, పుట్టినప్పుడే దేవుడు కలప చాలక ఆపేశాడన్నాడు. నేను డైరీలో ఒక పేజీ దానికే కేటాయించి, కథలకు వరుస సంఖ్యలు వేశాను. సంక్రాంతి లోపల తొమ్మిది పోగయ్యాయి.

రంపం తిరుగుతుంటే ఆ హోరులో మాటలు వినపడవు. అందుకని చెక్క మందం వేళ్ళతో చెప్పుకుంటారు. రెండు వేళ్ళు చూపిస్తే రెండంగుళాలు. మేస్త్రీ చూపుడు వేలూ, దాని పక్కనే సగం వేలూ ఎత్తితే ఒకటిన్నర. నాకు తెలిసినంతలో జిల్లాలో ఏ మిల్లుకీ ఇంత కచ్చితమైన అర అంగుళం గుర్తు లేదు. ట్రాలీ తోసే కుర్రాడొకడున్నాడు, బందరు పక్కన సముద్రం మీద బతికే ఇంటివాడు, ముప్పై దాటలేదు, నోరు మాత్రం బాగా పెద్దది. వాణ్ణి అడిగాను, "మరి పావు అంగుళం కావాలంటే ఎలా చెప్తాడయ్యా?"

"దానికి ఇంకో దెబ్బ పడాలండి బావగారూ."

అంతా నవ్వారు. మేస్త్రీ అందరికంటే గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను, ఆ మాట డైరీలో రాసుకున్నాను. రాస్తున్నప్పుడు మాత్రం అంత నవ్వు రాలేదు.

డిసెంబరు మొదట్లో మా బావమరిది కాస్త కంగారుగా వచ్చాడు.

"బావా, శుక్రవారం ఒక సంస్థ వాళ్ళు వస్తున్నారంట. కలప పనివాళ్ళకి ఆరోగ్యం గురించి, భద్రత గురించి ఎంత తెలుసో ప్రశ్నలడిగి రాసుకుంటారంట. తర్వాత ఒక చిన్న మీటింగు. నువ్వు ఇలాంటివి వందలు చేసుంటావు. మనవాళ్ళని కాస్త తయారుచెయ్యి, పరువు పోకుండా."

నాకు పండగొచ్చినట్టయింది. ఆ సాయంత్రమే కూర్చుని పన్నెండు ప్రశ్నలు తయారుచేశాను. మర్నాడు అన్నాల వేళ ఆరుగుర్నీ దుంగల మీద కూర్చోబెట్టాను. ఏమీ తెలియని వాళ్ళకి నేర్పబోతున్నానన్న ఉత్సాహంలో గొంతు సవరించుకున్నాను కూడా.

"రంపపు పొట్టు ముక్కులోకి వెళ్తే ఏమవుతుంది?"

ట్రాలీ అతను గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. తుమ్మ పొట్టయితే కళ్ళమంట. టేకయితే ఒళ్ళంతా దురద. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడైపోతాయండి."

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"ఒకళ్ళు చెప్పేదేముందండీ, దగ్గుతున్నాం కదా."

"అయితే ఏం చెయ్యాలి?"

"మాస్కు పెట్టుకోవాలండి," అని ఆరుగురూ ఒకేసారి అన్నారు. బడిపిల్లల్లా.

"ఏవీ మాస్కులు?"

అందరూ గోడవైపు చూశారు. మేకుకి ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. అందులో ఆరు మాస్కులు, మడత విప్పనివి, తెల్లగా మల్లెపూలల్లే ఉన్నాయి.

"పెట్టుకుంటే పొట్టు పట్టేసి పాడైపోతున్నాయండి," అన్నాడు మేస్త్రీ. "అందుకని జాగ్రత్త చేశాం."

మరి దగ్గుకి మందేమిటయ్యా అంటే, సాయంత్రం నాలుగింటికి మనిషికో బెల్లం ముక్క. అది నాకూ తెలుసు. రోజూ చూస్తున్నాను. బెల్లం తింటే లోపల చేరిన పొట్టు దిగిపోతుందని మిల్లంతా నమ్మకం. నేను గాలి గొట్టం, అన్న గొట్టం బొమ్మలు వేసి చూపించాను. "బెల్లం ఈ దారిన కడుపులోకి వెళ్తుంది. పొట్టు ఈ దారిన ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. రెండూ ఎక్కడా కలుసుకోవు."

మేస్త్రీ ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. "పైన నోటి దగ్గర కలిశాయి కదండీ," అని వేలు పెట్టి చూపించాడు. అది కూడా సగం వేలే.

నిజం చెప్పాలంటే ఆ నాలుగింటి బెల్లం ముక్క నేనూ తినేవాణ్ణి. గుమ్మం దగ్గర కూర్చున్నా పొట్టు పడుతుంది కదా అని.

చెవులకి దూది పెట్టుకోవాలన్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. "రంపం గొంతు మారితేనే బ్లేడు తెగబోతోందని మాకు తెలిసేది. పాత పడవ కలపలో మేకు తగిలితే ముందు చెవికే తెలుస్తుంది. దూది పెట్టుకుంటే ఎలాగండీ?" ఏడో ప్రశ్న పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

పదకొండో ప్రశ్న: "యంత్రానికి మూత ఎందుకు?"

"చెయ్యి పడకుండా," అన్నారంతా. జవాబు సరైనదే. కానీ చెప్పేటప్పుడు ఒకడు పైకప్పు చూశాడు, ఒకడు కాలి గోరు చూసుకున్నాడు. నేను లేచి రంపం దగ్గరకెళ్ళాను. కింది చక్రం నగ్నంగా ఉంది. దాని మీద దసరా నాటి పసుపూ కుంకుమా ఇంకా అంటుకునే ఉన్నాయి.

"మూతేదయ్యా?"

"దసరా పూజకి తీశామండి. మూత ఉంటే చక్రానికి బొట్టెలా పెడతాం?"

"పూజయి రెండు నెలలు దాటింది."

"అవునండి. తెల్లారి పెట్టేద్దామనే అనుకున్నాం."

ఆ మూత కోసం షెడ్డంతా వెతికాను. చివరికి వెనకపక్క పొట్టు గుట్ట దగ్గర దొరికింది. పొట్టు ఎత్తి గోతాలకి కట్టే ఒక పెద్దావిడ ఉండేది, ఆరుగురిలో ఆవిడ ఒకతె. మూతని నేలమీద బోర్లించి, మీద ఒక ఇటుక పెట్టింది. దాని కింద ఒక కోడి, పదకొండు పిల్లలు. జల్లెడలాంటి ఇనప తీగల మూత, గాలి ఆడుతుంది, గద్ద ముక్కు పట్టదు. అంత మంచి కోళ్ళగూడు నేను చూడలేదు.

"ఇది రంపానికి ఉండాల్సిన మూతమ్మా," అన్నాను.

"రంపాన్ని గద్దెత్తుకుపోద్దా బాబూ?" అంది.

నేను వచ్చి కుర్చీలో కూర్చున్నాను. వాళ్ళని ఏమని తిడతాను? ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇళ్ళకి దోమల మందు కొట్టించేవాణ్ణి. మందు కలిపేవాళ్ళకి మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు ఇచ్చేవారు. అవి ఎందుకో ప్రతి ఊళ్ళోనూ నేనే ఉపన్యాసమిచ్చి చెప్పేవాణ్ణి. ఒక జత మా ఇంటికొచ్చింది. నిమ్మచెట్టు ముళ్ళు గుచ్చుకోకుండా కాయలు కోసుకోడానికి ఏడేళ్ళు వాడుకున్నాం. మందు వట్టి చేతులతోనే కలిపేవాళ్ళు. నా పాత డైరీల్లో అది కూడా ఉంది. ఆ పేజీ తిరగేసినప్పుడల్లా గబగబా దాటేస్తుంటాను.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రీ భార్య వచ్చింది. గుడ్లవల్లేరు పక్క ఊరు వాళ్ళది. ఆయన క్యారేజీ మర్చిపోయి వెళ్ళాడని బస్సెక్కి తెచ్చింది. నన్ను చూసి ఆగింది.

"అన్నయ్యగారూ, మీరు రోజూ ఇక్కడే కూర్చుంటారంటగా. దసరాకి తీసిన మూత మళ్ళీ బిగించేశామని ఈయన చెప్పాడు. నిజమేనా అండీ?"

ఆవిడ వెనక రంపం దగ్గర మేస్త్రీ నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ జోడించి నాకేసి ఊపుతున్నాడు. దణ్ణమో, వద్దనడమో, రెండూనో.

నేను దగ్గాను. దగ్గు చాలాసేపు వచ్చింది.

ఆవిడ నా దగ్గుని జవాబనుకుంది పాపం. "వేలు పోయిన్నాడు ఓనరుగారితో నేనే దెబ్బలాడి ఆ మూత చేయించానండి. వెల్డింగు షాపులో చేసేదాకా పక్కనే నిలబడ్డాను. మా ఇంటి తలుపులకి వెయ్యగా మిగిలిన పచ్చ రంగు తెచ్చి నా చేత్తో వేశాను. ఈయన చర్చిలో డోలక్ వాయిస్తాడు, మీకు తెలుసా? ఆ వేలు పోయాక వాయించలేకపోయాడు. పిల్లాడిలా మళ్ళీ మొదటి నుంచీ నేర్చుకున్నాడు. మిగతా వేళ్ళతో ఎలా కొట్టాలో అని రోజూ మంచం పట్టె మీద కొట్టుకునేవాడు. ఏడాది పట్టింది. ఇంకో వేలు పోతే ఇంక దాన్ని ముట్టుకోడండీ. ఆ మనిషి నాకు తెలుసు."

ఆవిడ వెళ్ళిపోయాక మేస్త్రీ నా దగ్గరికి వచ్చాడు.

"చాలా థాంక్సండి బావగారూ."

"నేనేం చెప్పలేదు."

"అదేనండి."

"ఇవాళే బిగించు."

"బిగిస్తానండి, క్రిస్మస్ అయ్యాక. అసలు సంగతేమిటంటే, ఆ మూత ఉంటే లోపల పొట్టు నిండిపోతుందండి. గంటకోసారి నాలుగు బోల్టులు విప్పాలి, పొట్టు తియ్యాలి, మళ్ళీ నాలుగూ బిగించాలి. మూత లేకపోతే పుల్లతో ఇలా అంటే రాలిపోద్ది."

"పుల్లతో అంటున్నావా, చేత్తో అంటున్నావా?"

ఆయన నా డైరీ వైపు చూశాడు. "రాయకండి బావగారూ."

రాశాను. తర్వాత నాకు తోచిన ఉపాయాలన్నీ చేశాను. బంటుమిల్లి వెళ్ళి ఒక మంచి వెదురు కోళ్ళగంప కొనుక్కొచ్చి పొట్టు ఎత్తే ఆవిడకి ఇచ్చాను, మూత ఖాళీ అవుతుంది కదా అని. ఆవిడ ఎంతో సంతోషించి, ఇంటి దగ్గర ఇంకో కోడి పొదిగిందని చెప్పి, గంప నెత్తిన పెట్టుకుని పట్టుకుపోయింది. మా బావమరిదికి చెబితే, "మేస్త్రీకి తెలియనిదా బావా, అంత అనుభవం ఉన్నవాడు," అన్నాడు. అనుభవం వల్లే కదా ఆ వేలు పోయింది అన్నాను. వాడు ఫోన్ వచ్చినట్టు బయటికి వెళ్ళాడు.

శుక్రవారం వచ్చింది. సంస్థ నుంచి ఇద్దరు వచ్చారు, మర్యాదస్తులు. మాస్కుల కవరు విప్పారు. ఆరుగురూ మూతులకి తెల్లటి మాస్కులతో పెళ్ళివారిలా నిలబడ్డారు. వాళ్ళు తెచ్చిన గుడ్డ బ్యానరు, భద్రతే ముఖ్యమని పెద్ద అక్షరాలున్నది, ఎక్కడ కట్టమంటారని అడిగితే ట్రాలీ అతను పరుగున వెళ్ళి రంపానికి అడ్డంగా కట్టేశాడు. కింది చక్రం పూర్తిగా దాని వెనక్కి వెళ్ళిపోయింది.

"అక్కడయితే అందరికీ బాగా కనపడుద్దండి," అని వివరణ ఇచ్చాడు.

పరీక్షలో మావాళ్ళు ఒక్క జవాబు కూడా తప్పలేదు. అందులోనూ మేస్త్రీ, అడగని వాటికి కూడా జవాబులు చెప్పాడు. మూత ఎందుకు ఉండాలి అన్న ప్రశ్నకి ఎంత బాగా చెప్పాడంటే, వచ్చిన ఇద్దరిలో ఒకాయన రాసుకోవడం ఆపి వింటూ కూర్చున్నాడు. చివర్లో మేస్త్రీకే ఒక ప్రశంసాపత్రం, ఒక పసుపు రంగు హెల్మెటూ బహుమతిగా ఇచ్చారు. చప్పట్లు కొట్టాం. నేను కొంచెం నెమ్మదిగా కొట్టాను.

వాళ్ళు బ్యానరు చుట్టుకుని వెళ్ళిపోయారు. మేస్త్రీ హెల్మెట్ పెట్టుకుని, ప్రశంసాపత్రం గుండెకి ఆనించుకుని నా దగ్గరికొచ్చాడు.

"బావగారూ, ఒక ఫొటో తియ్యరూ? మా చర్చి గ్రూపులో పెట్టుకుంటాను."

ఫోన్ తీసుకున్నాను. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. దేవుడిచ్చిన ఆలోచన అనుకోను గానీ, వచ్చింది. మేస్త్రీ భార్య అడిగినప్పుడు నేను దగ్గి ఊరుకున్నాను. ఇప్పుడూ నోరు విప్పక్కర్లేదు.

"రంపం పక్కన నిలబడు మేస్త్రీ. పనిచేసే చోటు కనపడాలి కదా," అన్నాను.

నిలబడ్డాడు.

"కొంచెం ఎడంగా జరుగు. ఇంకొంచెం. ఆ, అక్కడ వెలుతురు బాగుంది."

అక్కడ వెలుతురు మామూలుగానే ఉంది. కానీ ఒకవైపు పసుపు కుంకుమలతో ఉత్త చక్రం, రెండోవైపు వెనక తలుపులోంచి పొట్టు గుట్ట, దాని పక్కన ఎండలో మెరుస్తున్న పచ్చ మూత, దాని తీగల వెనక నుంచి చూస్తున్న కోడి తల, అన్నీ ఫొటోలో చక్కగా పట్టాయి. మేస్త్రీ ఫొటోలో తన మొహం ఒక్కటే చూసుకున్నాడు. బాగుందన్నాడు. అక్కడే నిలబడి తన చేత్తోనే గ్రూపుకి పంపాడు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి నేను వెళ్ళేసరికి మిల్లు ముందు ఆటో ఆగి ఉంది. లోపల రంపం ఆడటం లేదు. ట్రాలీ మీద పెద్ద తుమ్మ దుంగ ఉంది. ఆ దుంగ మీద మేస్త్రీ భార్య కూర్చుని ఉంది, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని.

మేస్త్రీ ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడు. "ఏంటే ఇది? లే. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నిన్న గ్రూపులో అందరూ చూడలా? పాస్టరుగారి భార్య ఫోన్ చేసి, కోళ్ళు కూడా పెంచుతున్నారా అమ్మా అని అడిగింది."

మా బావమరిది చేతులు నలుపుకుంటున్నాడు. "చెల్లెమ్మా, ఇది నాగాయలంకలో పడవ మరమ్మతుకి వెళ్ళాల్సిన కలప. మధ్యాహ్నానికి బండి వస్తుంది. కాస్త లేమ్మా, రేపు పెట్టించేస్తాను."

"రేపు లేస్తానండి, ఓనరుగారూ."

ట్రాలీ అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మేస్త్రీకి కోపం వచ్చింది. "నాకు తెలియదా? ఇరవై ఏళ్ళుగా కోస్తున్నా. పరీక్షలో ఫస్టొచ్చా. కాయితం చూశావుగా?"

"చూశాను. కాయితానికి అన్ని వేళ్ళూ ఉన్నాయి. అది వాయిస్తుందా డోలక్?"

మేస్త్రీ మొహం పక్కకి తిప్పుకున్నాడు. తిప్పుకోగానే నేను కనపడ్డాను.

"బావగారూ, ఎడంగా జరగమంది ఇందుకేనా?"

"వెలుతురు బాగుందని అన్నాను కదయ్యా," అన్నాను. డైరీ తెరిచి తేదీ వేసుకోవడంలో మునిగిపోయాను.

ఆయన స్పానర్ పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. మేమంతా వెళ్ళాం, దుంగ మీద ఉన్నావిడ తప్ప. తను లేస్తే దుంగ రంపం మీదికి వెళ్ళిపోతుందని ఆవిడకి తెలుసు. పొట్టు ఎత్తే ఆవిడ మూత ముందు చేతులు చాపి నిలబడింది.

"నా పిల్లల్నేం చెయ్యమంటారు? పైన చూడండి, అప్పుడే తిరుగుతోంది."

నిజంగానే పైన గద్ద తిరుగుతోంది. లోపల్నుంచి మేస్త్రీ భార్య గొంతు వినపడింది. "వదినా, నీ పిల్లలెన్ని?"

"పదకొండు!"

"నాకు మొగుడు ఒక్కడే వదినా!"

పొట్టు ఎత్తే ఆవిడ గద్ద వైపు ఇంకోసారి చూసింది. తర్వాత ఇటుక తీసింది. కోడి అరుచుకుంటూ షెడ్డు కిందికి దూరింది. పిల్లలు తలో దిక్కుకీ పరిగెత్తాయి. అందరం వంగి పట్టుకున్నాం. మేస్త్రీ బహుమతి హెల్మెట్ బోర్లా తిప్పితే అందులో ఏడు పట్టాయి. మిగతా నాలుగూ ఆవిడ చెంగులోకి వెళ్ళాయి. నా పాలిట పడ్డ పిల్ల నా డైరీ మీద చెయ్యకూడని పని చేసింది. ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది.

మూత కడిగి తెచ్చారు. బోల్టులు నాలుగుండాలి, రెండే దొరికాయి. మూడోది టీ డబ్బా మూతకి పిడిగా బిగించి ఉంది, దాన్ని విప్పారు. నాలుగోది ఎక్కడా లేదు. మా బావమరిది బయటికెళ్ళి తన పాత స్కూటర్ నుంచి ఒకటి విప్పి తెచ్చాడు. మేస్త్రీ నాలుగూ బిగించాడు. చేత్తో గుంజి చూశాడు. భార్య వైపు చూడకుండా, "చాలా?" అన్నాడు.

ఆవిడ దుంగ మీద నుంచి దిగింది. చీరకి అంటుకున్న బెరడు దులుపుకుంది. క్యారేజీ నా కుర్చీ పక్కన పెట్టింది. నేను లేచి కుర్చీ ఇవ్వబోతే వద్దంది. "కొయ్యండి. చూసి వెళ్తాను."

రంపం మొదలైంది. మేస్త్రీ రెండు వేళ్ళు ఎత్తాడు. దుంగ కదిలింది. తుమ్మ పొట్టు ఎర్రగా లేచింది, ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఒక చెక్క, రెండు, మూడు. మూత లోపల పొట్టు నిండడం మాకు తీగల్లోంచి కనపడుతూనే ఉంది. ఆరో చెక్కకి చక్రం బరువుగా తిరగడం మొదలుపెట్టింది. మేస్త్రీ చెప్పింది అబద్ధం కాదు.

ఆయన నావైపు ఒకసారి చూసి, 'చూశారా' అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. వెళ్ళి స్విచ్ ఆపాడు. మోటారు హోరు ఆగిపోయింది. స్పానర్ పట్టుకుని వచ్చి, మూత ముందు గొంతుక్కూర్చుని, మొదటి బోల్టు మీద స్పానర్ పెట్టాడు.

"ఆగు," అంది ఆవిడ.

"మళ్ళీ ఏంటే? ఆపేశాగా."

"ఇంకా తిరుగుతోందిగా."

మేమంతా చూశాం. అన్నాళ్ళుగా నేను ఆ గుమ్మంలోనే కూర్చున్నాను, నా పన్నెండు ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు. వచ్చిన వాళ్ళ కాగితాల్లోనూ లేదు. మోటారు ఆగినా చక్రాలు తమ బరువుకి తామే తిరుగుతున్నాయి. హోరు లేదు కాబట్టి ఆగిపోయినట్టే ఉంటుంది. బ్లేడు పళ్ళు కలిసిపోయి నున్నటి పట్టీలా మెరుస్తూ కిందికి దిగుతున్నాయి.

"అది కాసేపట్లో ఆగిపోద్దిలే," అన్నాడు మేస్త్రీ. గొంతులో ఇందాకటి విసురు లేదు.

"అయితే కాసేపు ఆగు."

ఆయన స్పానర్ కింద పెట్టాడు. లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. ట్రాలీ అతనూ కట్టుకున్నాడు. నేను వాచీ చూసుకున్నాను. పనివాళ్ళు ఊరికే నిలబడి ఒక చక్రం వైపు చూస్తూ ఉండటం ఆ మిల్లులో అదే మొదటిసారి అనుకుంటాను. మా బావమరిది బండి ఎక్కడుందో అని ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

నిమిషం గడిచింది. బ్లేడు సన్నగా బుసకొడుతోంది. రెండో నిమిషానికి పళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడటం మొదలైంది.

"ఆగిందిగా," అన్నాడు మేస్త్రీ.

"ఆగలా. చూడు."

ఇంకో నాలుగు పళ్ళు నెమ్మదిగా దిగాయి. ఒకటి దిగబోయి, కొంచెం వెనక్కి వెళ్ళి, నిలబడిపోయింది. మేస్త్రీ కదల్లేదు. భార్య వైపు చూశాడు.

"ఇప్పుడు తియ్యి," అంది ఆవిడ.

నేను రాసుకున్నాను: రెండు నిమిషాల నలభై సెకన్లు.